సౌండ్‌బారా, విడి స్పీకర్లా? ప్లాస్టరింగ్‌కు ముందే తేల్చుకోవలసిన ప్రశ్న

ముందుగా మీరు అడిగినదాన్ని క్లుప్తంగా చెప్పుకుందాం. హన్మకొండలో సొంత ఇల్లు కడుతున్నారు. హాలు 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు. 55 అంగుళాల టీవీ 12 అడుగుల గోడకు వస్తుంది, సోఫా దానికి పది అడుగుల దూరంలో. ఎడమ వైపు నిండు గోడ ఉంది, కుడి వైపు గోడ లేకుండా భోజనాల గదిలోకి తెరిచి ఉంది. డెబ్బై వేలు పెట్టగలరు. దుకాణంలో వెయ్యి వాట్ల సౌండ్‌బార్ (టీవీ కింద పెట్టే పొడవాటి ఒంటి స్పీకరు పెట్టె) చూపించి ఇదే చాలన్నారు. కరీంనగర్‌లో ఉండే మీ బావగారు రిసీవర్ (టీవీ శబ్దాన్ని అందుకుని స్పీకర్లకు పంచే ఆంప్లిఫయర్), విడి స్పీకర్లు తప్ప ఇంకేదీ కొనవద్దంటున్నారు. తన పాత డీవీడీ హోమ్ థియేటర్ స్పీకర్లు కూడా ఇస్తానన్నారు. నాన్నగారికి సినిమాల్లో మాటలు సరిగా అందడం లేదు. తీగలు కంటికి కనిపించకూడదని మీ శ్రీమతి షరతు. ఇవన్నీ రాసి, ఎక్కడో చివర ‘గోడలకు ప్లాస్టరింగ్ వచ్చే నెల’ అని ఒక ముక్క కలిపారు. నా జవాబు చాలావరకు ఆ ముక్క మీదే ఆధారపడి ఉంది.

విడి స్పీకర్లే తీసుకోండి. అయితే ముందు మూడు, పక్కన రెండు, మొత్తం ఐదూ ఒకేసారి కాదు, విడతలుగా. ఈ నెలలో మీరు కొనవలసినవి స్పీకర్లు కూడా కాదు, పైపులు. గోడలు పూర్తయిన ఇల్లు అయితేనో, అద్దె ఇల్లు అయితేనో ఇదే ప్రశ్నకు వేరే జవాబు చెప్పేవాణ్ణి. ఆ సంగతి తర్వాత.

సౌండ్‌బార్ చెడ్డ వస్తువేమీ కాదు, మీ హాలుకు నప్పదు, అంతే. ముందు ఉండే ఎడమ, కుడి స్పీకర్లు కూర్చున్న మనిషికి నడిమి గీత నుంచి 22 నుంచి 30 డిగ్రీల కోణంలో ఉండాలని డాల్బీ సంస్థ సూచిస్తుంది. పది అడుగుల దూరంలో కూర్చుంటే ఆ లెక్కన రెండు స్పీకర్ల మధ్య కనీసం ఎనిమిది అడుగుల ఎడం రావాలి. సౌండ్‌బార్ మొత్తం పొడవే మూడు, మూడున్నర అడుగులు. దాని రెండు కొసలూ మీకు తొమ్మిది, పది డిగ్రీల లోపే ఉంటాయి. శబ్దం టీవీ వెడల్పు దాటి బయటికి రాదు. ఈ లోటు కప్పిపుచ్చడానికి తయారీదారులు రెండు ఉపాయాలు వాడతారు. రెండు చెవులకూ శబ్దం చేరే సమయాన్నీ తీరునూ లెక్కగట్టి మార్చి, అది పక్క నుంచి వస్తోందని మెదడును నమ్మించడం ఒకటి. బార్ కొసల్లో పక్కకు తిరిగిన చిన్న స్పీకర్లు పెట్టి, పక్క గోడలకు శబ్దాన్ని కొట్టి మీ వైపు మళ్లించడం రెండోది. మొదటి ఉపాయం సరిగ్గా నడుమ కూర్చున్న ఒక్కరికే బాగా పారుతుంది. రెండోదానికి ఇరువైపులా గోడలు ఉండాలి. మీకు కుడివైపు గోడే లేదు. ఎడమ నుంచి శబ్దం తిరిగి వస్తుంది, కుడివైపుది భోజనాల గదిలోకి వెళ్లి అక్కడే ఆగిపోతుంది. దుకాణంలో మీకు వినిపించిన గదికి రెండు పక్కలా గోడలు ఉన్నాయో లేదో ఒకసారి గుర్తు చేసుకోండి.

పెట్టె మీద డాల్బీ అట్మాస్ అని రాసి ఉందన్నారు. తలపై నుంచి కూడా శబ్దం రప్పించే ఈ పద్ధతి 2012లో సినిమా హాళ్లకు, 2014లో ఇళ్లకు వచ్చింది. సీలింగులో స్పీకర్లు పెట్టలేని వారి కోసం, పైకి తిరిగిన స్పీకర్లతో శబ్దాన్ని సీలింగుకు కొట్టి కిందికి దించే మార్గం కనిపెట్టారు. సీలింగు గట్టిగా, చదునుగా, ఎనిమిది తొమ్మిది అడుగుల ఎత్తులో ఉంటే అది కొంత పనిచేస్తుంది. మీరేమో ఫాల్స్ సీలింగును మెట్లు మెట్లుగా చేయించి, అంచుల్లో లైట్లు దాచి, నడుమ ఫ్యాను పెడుతున్నారు. శబ్దం ఆ మెట్లకు తగిలి ఎటు చెదురుతుందో చెప్పలేం. పాత పెంకుటిళ్ల ఏటవాలు కప్పు కింద అయితే ఈ స్పీకర్లకు పనే లేదు. కొన్ని చవక బార్లలో పైకి తిరిగిన స్పీకర్లే ఉండవు, అట్మాస్ సంకేతాన్ని అర్థం చేసుకుంటుందనే హక్కుతో పేరు మాత్రం వేసుకుంటారు. 5.1.2 అంటే చుట్టూ ఐదు స్పీకర్లు, బేస్ పలికే సబ్‌వూఫర్ ఒకటి, పై స్పీకర్లు రెండు. ఆ మూడో అంకె చూడండి. అది లేకపోతే పై స్పీకర్లు లేవని అర్థం.

వెయ్యి వాట్ల సంగతి. యంత్రం వెనకో అడుగునో అంటించిన చీటీ చదవండి. గోడ నుంచి ఎంత కరెంటు తీసుకుంటుందో దాని మీద ఉంటుంది. చాలా బార్లకు అది వంద వాట్లు కూడా దాటదు. ఆ అంకె మామూలు వాడకానిదేనని సర్దుకున్నా, వంద తీసుకునేది నిలకడగా వెయ్యి ఇవ్వలేదు కదా. అయినా అంత అవసరం మీకు లేనే లేదు. ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో 87 డెసిబెల్స్ పలికే మామూలు స్పీకరును తీసుకోండి. పది అడుగుల దూరంలోని మీ సోఫా దగ్గర ఆ ఒక్క వాట్‌కే దాదాపు 77 నుంచి 80 డెసిబెల్స్ వస్తాయి. ఇంట్లో మాట్లాడుకునే గొంతు 60 దగ్గర ఉంటుంది. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది మూడు డెసిబెల్స్ మాత్రమే, చెవికి రెట్టింపు అనిపించాలంటే వాట్లు పదింతలు కావాలి. అంటే పది వాట్లకే మీ హాలు దద్దరిల్లుతుంది. రిసీవర్‌పై 70 వాట్లు అని నిజాయితీగా రాసి ఉంటే, పేలుళ్ల వంటి క్షణకాలపు మోతలకు అది సరిపోయి మిగులుతుంది. వాట్లు చూసి కొనడం ఈ రంగంలో అన్నిటికన్నా ఖరీదైన అలవాటు. మన దగ్గర టేప్ రికార్డర్ల కాలం నుంచీ పీఎంపీవో అనే క్షణకాలపు గరిష్ఠ అంకెతో దుకాణాలు ఇదే ఆట ఆడుతున్నాయి.

ఇక నాన్నగారి సంగతి. మీ ప్రశ్నలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది ఇదే.

వయసుతో వచ్చే వినికిడి లోపం ముందుగా హెచ్చు స్థాయి స్వరాలను మింగుతుంది. స, శ, త, క వంటి హల్లులను విడదీసి చెప్పేవి ఆ స్వరాలే. అచ్చులు, బేస్ కింది స్థాయిలో ఉంటాయి. అందుకే వాల్యూమ్ పెంచితే మోత పెరుగుతుంది కానీ మాట తేటపడదు. ‘శబ్దం వినపడుతోంది, ఏమంటున్నారో తెలియడం లేదు’ అని పెద్దవాళ్లు అనడం వెనక కారణం ఇదే. దీనికి టీవీ కూడా తోడవుతుంది. పలచని టీవీల్లో స్పీకర్లు కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. మాట ముందు గోడకో, కింద గ్రానైటుకో తగిలి, ఆ తర్వాతే మనిషిని చేరుతుంది. పైగా మన ఎండాకాలం ఉంది. హాలులో పెద్ద కూలర్ హోరుమంటుంటే, దాని గాలి మోత సరిగ్గా ఆ హల్లులనే కప్పేస్తుంది.

5.1 శబ్దంలో సంభాషణలు చాలావరకు టీవీ దగ్గర నడుమ ఉండే సెంటర్ స్పీకరు నుంచే వస్తాయి. పేలుళ్లు, సంగీతం, గాలివాన మిగతా వాటికి పోతాయి. విడి సెంటర్ స్పీకరు ఉంటే రిసీవర్‌లో దాని ఒక్కదాని స్థాయినే మూడు, నాలుగు డెసిబెల్స్ పెంచవచ్చు. మిగతావి పెరగవు, నాన్నగారికి మాట అందుతుంది, మీ చెవులు పగలవు. బార్లలో ఈ సదుపాయం కావాలంటే నడుమ వేరే స్పీకరు ఉన్నదై ఉండాలి. 2.1 బార్లలో నడుమ స్పీకరు లేదు కాబట్టి ‘డైలాగ్ మోడ్’ నొక్కితే మాటల స్వరాలతో పాటు సంగీతంలోని అవే స్వరాలూ పైకి లేస్తాయి. అది కొంత మేలే, సమానం మాత్రం కాదు. రాత్రిపూట వాడే ‘నైట్ మోడ్’ కూడా మరిచిపోవద్దు. గుసగుసలను పెంచి, పేలుళ్లను అణచి, రెంటి మధ్య దూరం తగ్గిస్తుంది. ఇది బార్లలోనూ రిసీవర్లలోనూ ఉంటుంది. నాన్నగారు చూస్తున్నప్పుడు పగలే ఆన్ చేసి ఉంచండి.

సెంటర్ స్పీకరును టీవీ యూనిట్ అరలో లోపలికి నెట్టి పెట్టకండి. దాని ముఖం అర అంచుకు సమంగానో, కాస్త ముందుకో రావాలి, కింద రబ్బరు ముక్క పెట్టి చెవుల వైపు ఎత్తాలి. కార్పెంటరుతో యూనిట్ చేయించే ముందే స్పీకరు కొలత ఇవ్వండి. లేకపోతే తొమ్మిది అంగుళాల ఎత్తున్న స్పీకరు కోసం ఎనిమిది అంగుళాల అర తయారై కూర్చుంటుంది. ఒకసారి నాన్నగారిని చెవి డాక్టరుకు కూడా చూపించండి. ఏ స్పీకరూ వినికిడి యంత్రం చేసే పని చేయదు.

ఇప్పుడు పైపులు. ఎలక్ట్రీషియన్ కరెంటు పైపుల కోసం గోడలు చెక్కే రోజునే ఈ పనీ చేయించండి. మళ్లీ పిలిస్తే రెట్టింపు అడుగుతాడు, న్యాయమే.

టీవీ వెనక నుంచి కింద రిసీవర్ పెట్టే అర దాకా కనీసం ఒకటిన్నర అంగుళం పైపు, వీలైతే రెండు అంగుళాలది. హెచ్‌డీఎంఐ తీగ సన్నగానే ఉంటుంది, దాని తల మాత్రం వెడల్పు. కరెంటుకు వాడే మామూలు పైపులో మలుపు దగ్గర అది ఇరుక్కుంటుంది. మలుపులు కూడా ఒక్కసారిగా తిరిగేవి కాకుండా పొడవుగా వంగినవి వేయమనండి. అక్కడి నుంచి ముందు ఎడమ, కుడి స్పీకర్ల చోట్లకు చెరొక ముప్పావు అంగుళం పైపు. మీ గోడ 12 అడుగులు కాబట్టి నడిమి గీతకు ఇటు నాలుగు, అటు నాలుగు అడుగుల దగ్గర, నేల నుంచి మూడు అడుగుల ఎత్తులో బయటికి తీయండి. కూర్చున్నప్పుడు చెవులు దాదాపు ఆ ఎత్తులోనే ఉంటాయి.

వెనక స్పీకర్ల విషయంలో చాలామంది ఎలక్ట్రీషియన్లు గది మూలల్లో, సీలింగుకు ఆనించి పాయింట్లు పెట్టేస్తారు. గది చివర మూలల్లో వద్దు. 5.1లో ‘వెనక’ స్పీకర్లు నిజానికి పక్క స్పీకర్లు, కూర్చున్నవారికి 110 నుంచి 120 డిగ్రీల దగ్గర, అంటే పక్కకు, కొద్దిగా వెనక్కి. మీ ఎడమ గోడ సోఫా నడుమకు ఆరడుగుల దూరంలో ఉంది కాబట్టి, సోఫా గీతకు రెండు రెండున్నర అడుగులు వెనక్కి, నేల నుంచి ఐదున్నర అడుగుల ఎత్తులో పాయింటు పెట్టండి. కుడివైపు గోడ లేదు. కానీ హాలుకూ భోజనాల గదికీ మధ్య బీమ్ ఉంటుంది కదా, పైపును ఫాల్స్ సీలింగు వెనక నుంచి ఆ బీమ్ దాకా తెచ్చి, అక్కడి నుంచి బ్రాకెట్‌తో స్పీకరును కిందికి దించి సోఫా వైపు వంచవచ్చు. ఎడమవైపు దానికన్నా కాస్త ఎత్తుగా ఉంటుంది, ఫర్వాలేదు. ఎత్తు తేడాను చెవి మన్నిస్తుంది, కోణం తేడాను అంతగా మన్నించదు.

సబ్‌వూఫర్‌కు రెండు చోట్ల పాయింట్లు పెట్టండి, టీవీ గోడ దగ్గర ఒకటి, సోఫా పక్కన ఒకటి. రెండు చోట్లా పక్కనే కరెంటు ప్లగ్గు ఉండాలి, ఎందుకంటే సబ్‌వూఫర్‌కు సొంత ఆంప్లిఫయర్ లోపలే ఉంటుంది. సోఫాకు కొంచెం ముందు, ఫాల్స్ సీలింగు పైన ఇంకో రెండు పైపులు ఊరికే వదిలేయండి. అట్మాస్ మీద ఎప్పుడైనా మనసు పుడితే సీలింగులోనే అసలైన స్పీకర్లు బిగించుకోవచ్చు. శబ్దాన్ని సీలింగుకు కొట్టే తంటా ఉండదు. ప్రతి పైపులో లాగడానికి ఒక తీగ వదిలి, రెండు కొసలూ మూయించండి. లేకపోతే సిమెంటు దిగి గడ్డకడుతుంది. ఎలుకల భయం కూడా తీరుతుంది.

ఈ పైపులు కరెంటు పైపుల పక్కనే సాగకూడదు. అడుగు దూరమైనా ఉండాలి, దాటక తప్పనిచోట అడ్డంగా దాటించాలి. ముఖ్యంగా సబ్‌వూఫర్ తీగ కరెంటు తీగ వెంబడి పోతే ‘గుయ్’మనే హోరు వినిపిస్తూనే ఉంటుంది. స్పీకర్లకు 1.5 లేదా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ చాలు. అడుగు వందల రూపాయలు చెప్పే తీగలు మీకు అక్కరలేదు. ఒక్కటి మాత్రం చూడండి. రాగి పూత పూసిన అల్యూమినియం తీగలు మార్కెట్లో విరివిగా అమ్ముతున్నారు. పోగును బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. అది వద్దు. ప్లాస్టరింగ్‌కు ముందు ప్రతి గోడకూ కొలత టేపు ఆనించి ఫొటో తీసుకోండి. రేపు గోడకు మేకు కొట్టేటప్పుడు మీకు కావలసింది ఆ ఫొటోనే.

ఈ పనితో మీ శ్రీమతి షరతు నూటికి నూరుపాళ్లు తీరుతుంది. ‘వైర్‌లెస్’ వెనక స్పీకర్లున్న సౌండ్‌బార్‌తో అది తీరదని కూడా చెప్పాలి. వైర్‌లెస్ అంటే శబ్దపు తీగ లేదని మాత్రమే. చాలా మోడళ్లలో వెనక స్పీకర్లకు కరెంటు తీగ ఉండి తీరుతుంది. కొన్నింటిలో రెండు వెనక స్పీకర్లూ ఒక చిన్న పెట్టెకు తీగలతో కలిసి, ఆ పెట్టె ప్లగ్గుకు కలుస్తుంది. బ్యాటరీతో విడివడే రకాలు ఉన్నాయి, వాటి ధర ఎక్కువ, బ్యాటరీకి ఆయుష్షు కొన్నేళ్లే.

కొనుగోలు విడతలు ఇలా పెట్టుకోండి. ఇప్పుడు రిసీవర్, ముందు ఎడమ కుడి స్పీకర్లు, సెంటర్. డెబ్బై వేలలో సగం కన్నా కొంచెం తక్కువ రిసీవర్‌కు, మిగిలింది ఆ మూడు స్పీకర్లకు. మూడూ ఒకే కంపెనీ, ఒకే శ్రేణివి తీసుకోండి. తెర మీద కారు ఎడమ నుంచి కుడికి పోతుంటే నడుమ దాని గొంతు మారకూడదు. ఆరున్నర అంగుళాల వూఫర్ (బేస్ పలికే భాగం) ఉన్న, అరలో పట్టే బుక్‌షెల్ఫ్ స్పీకర్లయితే సబ్‌వూఫర్ లేకుండానే కొన్నాళ్లు హాయిగా గడుస్తుంది. రిసీవర్ సెట్టింగుల్లో సబ్‌వూఫర్ లేదని చెబితే, దానికి పోవలసిన బేస్ ముందు స్పీకర్లకు మళ్లుతుంది. తర్వాత బతుకమ్మ, దసరా ఆఫర్ల నాటికి సబ్‌వూఫర్, ఆ పైన తీరుబడిగా పక్క స్పీకర్లు. పక్క స్పీకర్లు చివర అన్నానని ఆశ్చర్యపోకండి. డీటీహెచ్ చానళ్లు, యూట్యూబ్ చాలావరకు స్టీరియోనే. 5.1 వచ్చేది ఓటీటీ సినిమాల్లో. నెట్‌ఫ్లిక్స్‌లో అట్మాస్ కావాలంటే పై ప్లాన్ ఉండాలి. రోజూ మీకు పనికొచ్చేవి ముందు మూడే.

మూడు స్పీకర్లతో ఉన్న సగం హోమ్ థియేటర్ చూసి బంధువులు ‘ఇంతేనా’ అంటారు. అననివ్వండి.

సబ్‌వూఫర్ వచ్చాక దానికి చోటు వెతికే పద్ధతి కాస్త వింతగా ఉంటుంది, కానీ ఇంతకన్నా మంచిది లేదు. దాన్ని సోఫాలో మీరు కూర్చునే చోట పెట్టి, బేస్ ఎక్కువున్న పాట వేసి, మీరు గోడల వెంబడి వంగి నడుస్తూ వినండి. ఎక్కడ బేస్ ఉబ్బకుండా, సన్నబడకుండా సమంగా వినిపిస్తే అక్కడ సబ్‌వూఫర్ పెట్టి మీరు సోఫాలోకి రండి. గది పొడవును బట్టి కొన్ని స్వరాలు కొన్ని చోట్ల ఉబ్బి, కొన్ని చోట్ల మాయమవుతాయి. మీ 16 అడుగుల పొడవుకు మొదట ఉబ్బేది 35 హెర్ట్జ్ దగ్గర. గది సరిగ్గా సగంలో, అంటే టీవీ గోడకు ఎనిమిదడుగుల దగ్గర, అదే స్వరం దాదాపు వినిపించదు. మీ సోఫా పది అడుగుల దగ్గర ఉండటం అదృష్టమే, ముందుకు జరపకండి. సబ్‌వూఫర్‌ను మూలకు నెడితే మోత పెరుగుతుంది, పై పోర్షన్ అద్దెకు ఇచ్చే ఆలోచన ఉంటే మూలకు వద్దు. బేస్ స్లాబు గుండా పోతుంది, తలుపులు మూసినా ఆగదు.

నేలకు గ్రానైట్ వేస్తున్నామన్నారు. కరీంనగర్ ట్యాన్ బ్రౌన్ అందంగానే ఉంటుంది, చెవికి మాత్రం శత్రువు. గ్రానైట్ నేల, పుట్టీ పూసిన గోడలు, గాజు కిటికీలు కలిస్తే మాట గణగణమంటుంది. లక్ష పెట్టి స్పీకర్లు కొన్నా ఆ గణగణను అవి తీయలేవు. దానికి మందు మన ఊళ్లోనే దొరుకుతుంది. కొత్తవాడలో నేసే షతరంజీ, 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన మన వరంగల్ డర్రీ. టీవీకి, సోఫాకు మధ్య పెద్దది ఒకటి పరిచి, కింద ఇంకో మందపాటి గుడ్డ వేయండి. కిటికీలకు బరువైన పరదాలు, ఎడమ గోడకు ఒక పుస్తకాల అర. ఇవి బేస్‌ను ఏమీ చేయవు, పై స్వరాల ప్రతిధ్వనిని మాత్రం తగ్గిస్తాయి. నాన్నగారికి కావలసింది కూడా అదే.

రిసీవర్‌తో వచ్చే చిన్న మైకు పడేసుకోకండి. దాన్ని సోఫాలో చెవుల ఎత్తున పెట్టి సెట్టింగు నడిపిస్తే, ఏ స్పీకరు ఎంత దూరంలో ఉందో కొలిచి స్థాయిలు సరిచేస్తుంది. ఆ పని చేసేటప్పుడు ఫ్యాను, కూలర్ ఆపండి. మీ బీమ్ మీది స్పీకరు లాంటి అసమానతలను సరిదిద్దేది ఇదే. సబ్‌వూఫర్ వచ్చాక స్పీకర్లన్నిటినీ ‘స్మాల్’ చేసి, 80 హెర్ట్జ్ కింది స్వరాలను సబ్‌వూఫర్‌కు పంపించండి.

టీవీ నుంచి శబ్దం వచ్చే దారి గురించి రెండు మాటలు. రిసీవర్ అయినా బార్ అయినా, టీవీలో ఏఆర్‌సీ అని రాసి ఉన్న, టీవీ శబ్దాన్ని బయటికి పంపే హెచ్‌డీఎంఐ రంధ్రానికే కలపండి. టీవీ శబ్దం సెట్టింగుల్లో పీసీఎం అని ఉంటే ఆటో లేదా పాస్‌త్రూకు మార్చండి. ఈ ఒక్కటి మార్చక, ఐదు స్పీకర్లు కొని ఏళ్ల తరబడి స్టీరియో వింటున్న ఇళ్లు ఎన్నో చూశాను. ఓటీటీల్లో వచ్చే అట్మాస్‌కు మామూలు ఏఆర్‌సీ చాలు. దాని మెరుగైన రూపం ఈఏఆర్‌సీ అవసరమయ్యేది బ్లూరే డిస్కుల వంటి కుదింపు నష్టం లేని శబ్దానికి. పాత ఆప్టికల్ తీగలో 5.1 దాకా వస్తుంది, అట్మాస్ రాదు. వాల్యూమ్ టీవీ రిమోట్‌తోనే తగ్గి పెరిగేలా సీఈసీ ఆన్ చేయండి. నాన్నగారికి రెండు రిమోట్లు అలవాటు చేయాలనుకోవడం వృథా ప్రయాస.

కరెంటు విషయానికి వస్తే, మీ ఇన్వర్టరు చవకరకం స్క్వేర్ వేవ్‌దైతే కరెంటు పోయినప్పుడు స్పీకర్లలో హోరు వస్తుంది. రిసీవర్‌ను ఆ లైనులో కలపకండి, లేదా ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టరు పెట్టండి. ఎర్తింగ్ బాగా వేయించండి. కేబుల్ టీవీ తీగ కలపగానే హోరు మొదలైతే తప్పు స్పీకర్లది కాదు, ఆ తీగ వేరే ఎర్తింగ్‌ను ఇంట్లోకి తెస్తోంది. రిసీవర్ వేడెక్కే యంత్రం. 45 డిగ్రీలు తాకే మే నెలలో దాన్ని గాజు తలుపు వెనక బంధించకండి. పైన అరచేయి వెడల్పు ఖాళీ, వెనక గాలి పోయే రంధ్రాలు ఉండాలి. బార్‌కు ఈ బెడద తక్కువ, ఆ మార్కు దానికి ఇవ్వాలి.

మన్నిక దగ్గర మాత్రం బార్ ఓడుతుంది. దానిలో స్పీకర్లు, ఆంప్లిఫయర్, బోర్డు అన్నీ ఒకే పెట్టెలో ఉంటాయి. వారంటీ దాటాక బోర్డు పోతే చాలాసార్లు మొత్తం పోయినట్టే. విడి స్పీకరులో చెడడానికి ఉన్నది తక్కువ, రబ్బరు అంచున్నది ఇరవై ఏళ్లు పలుకుతుంది. రేపు కొత్త పద్ధతి ఏదైనా వస్తే రిసీవర్ ఒక్కటి మారుతుంది.

ప్లాస్టరింగ్ దాటిపోయినవారు, కాజీపేటలోనో సుబేదారిలోనో అద్దెకు ఉంటున్నవారు, ముప్పై వేలకు మించి పెట్టలేనివారు దీన్ని చదివి విడి స్పీకర్ల వెంట పడనవసరం లేదు. వారికి నేను చెప్పేది, నడుమ వేరే స్పీకరు, వెనక నిజంగా రెండు చిన్న స్పీకర్లు ఉన్న 5.1 సౌండ్‌బార్. వెనక స్పీకర్లు తీగతో వచ్చేవి ఇంకా చవక. సోఫా వెనక నుంచి తీగ తిప్పుకోవచ్చు. వర్చువల్ సరౌండ్ అని రాసి ఉన్న ఒంటరి బార్ కన్నా ఇది ఎన్నో రెట్లు నయం. ఇల్లు మారితే ఒక అట్టపెట్టెలో వెళ్లిపోతుంది. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీ నుంచి తెచ్చే అసెంబుల్డ్ 5.1 ఆంప్లిఫయర్ల గురించి కూడా కొందరు అడుగుతుంటారు. పాటలకు సరదాగానే ఉంటాయి. కానీ కొనే ముందు దానికి హెచ్‌డీఎంఐ లేదా ఆప్టికల్ ఇన్‌పుట్, డాల్బీ డీకోడర్ ఉన్నాయో లేదో చూడాలి. అవి లేకపోతే స్టీరియోనే ఐదు స్పీకర్లకు పంచిపెట్టి 5.1 అంటుంది.

దుకాణంలో వినేటప్పుడు వాళ్లు వేసే హెలికాప్టర్ల వీడియో వద్దనండి. మీకు బాగా తెలిసిన తెలుగు సినిమాలో ఇద్దరు మెల్లగా మాట్లాడుకునే సన్నివేశం, ఒక వార్తల బులెటిన్, ఒక పాట వినండి. రెండు వ్యవస్థలను పోల్చేటప్పుడు మోత సమానంగా పెట్టించండి. ఫోనులో డెసిబెల్ మీటర్ యాప్ చాలు. కొంచెం బిగ్గరగా మోగేది ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది, అమ్మేవాళ్లకు ఇది బాగా తెలుసు. నాన్నగారిని వెంట తీసుకెళ్లండి, కళ్లు మూసుకుని మాటలు తిరిగి చెప్పమనండి. ఏది కొనాలో ఆయన చెవులే తేల్చేస్తాయి.

చివరగా మీ బావగారి పాత స్పీకర్లు. డీవీడీ హోమ్ థియేటర్లతో వచ్చిన స్పీకర్లు చాలావరకు 3 లేదా 4 ఓమ్‌లవి (ఓమ్ అంటే కరెంటుకు స్పీకరు ఇచ్చే అడ్డు కొలత). సొంత యంత్రానికి తప్ప వేరేదానికి సరిపడేలా చేసినవి కావు. మామూలు రిసీవర్లు 6 నుంచి 8 ఓమ్‌లు అడుగుతాయి. తక్కువ ఓమ్‌ల స్పీకరు కరెంటు ఎక్కువ లాగి రిసీవర్‌ను వేడెక్కిస్తుంది, అది తనను తాను ఆపేసుకుంటుంది. స్పీకర్ల వెనక చూడండి. 6 లేదా 8 అని ఉంటే, పక్క స్పీకర్లు కొనే దాకా ఎడమ గోడ మీద ఒకటి, బీమ్ మీద ఒకటి బిగించుకోండి. 3 లేదా 4 అని ఉంటే మర్యాదగా వద్దని చెప్పండి. దాని సబ్‌వూఫర్‌కు సొంత కరెంటు తీగ లేకపోతే అదీ పనికిరాదు. వెనక ఏం రాసి ఉందో ఫొటో పెడితే నేను చూసి చెబుతాను.